గాలి దూరని గుడారం

2007 చలికాలం. నేలకు రంధ్రం వేసి, బొగ్గు ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో చూసే డ్రిల్లింగ్ పనిలో ఉన్నాను, ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర. గోదావరిఖని దాటి మంథని వైపు పోతే అడవి అంచున మా క్యాంపు, దానికి నేను ఇన్‌ఛార్జిని. నా చేతి కింద వందల మంది మనుషులు, పదుల కొద్దీ రిగ్గులు ఉండేవని మా వాడలో చెప్పుకుంటూ తిరిగాను. ఇది అచ్చులో పడుతుంది కాబట్టి సరిచేస్తున్నాను. రిగ్గులు రెండు. అందులో ఒకటి ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. మనుషులు ఒక్క లారీలో పట్టేంత మంది.

రిగ్గు అంటే గొట్టాన్ని తిప్పుతూ నేలలోకి దించే యంత్రం. అది తిరిగినంతసేపూ నీళ్లు పోస్తూ ఉండాలి. లోపలి రాయి కడ్డీలాగా గొట్టంలో పైకి వస్తుంది, దాన్ని కోర్ అంటారు. కోర్ తీసే మనిషి షిఫ్టు దిగేసరికి నెత్తి నుంచి కాళ్ల దాకా బురద నీళ్లలో నాని ఉంటాడు. అతనికి ముందు అన్నం కావాలి, తర్వాత పొడి పక్క కావాలి. పొడి పక్క లేని క్యాంపులో మనిషి నిలవడు. అందుకే డ్రిల్లింగ్ క్యాంపు నడపడమంటే సగం గుడారాలు చూసుకోవడమే.

ఆ ఏడు హైదరాబాద్ ఆఫీసు మాకు నైలాన్ గుడారాలు పంపింది. రంగు చూడముచ్చటగా ఉండేది. కానీ బీడీ నిప్పురవ్వ పడ్డ చోటల్లా వేలు పట్టే కన్నం పడింది. మధ్యాహ్నం లోపల కూర్చుంటే ఉడికిపోయేవాళ్లం. నాకు కాన్వాస్ గుడారం కావాలి. మందపాటి నూలుగుడ్డ, చిరిగితే సూదీ దారంతో మళ్లీ బాగుపడేది, కుట్టినవాళ్లు దగ్గర్లోనే ఉండాలి. మార్కెట్టంతా గాలించి, పది చోట్ల విచారించి గోదావరిఖనిలో ఒక చిన్న షెడ్డును ఎంచుకున్నానని ఆఫీసుకు చెప్పాను. మా జీపు టైరు సరిగ్గా ఆ షెడ్డు ముందే పంక్చరైన సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ షెడ్డు సమ్మక్కది. బరువైన గుడ్డ కుట్టే పెద్ద మిషన్ ఒకటి, దాని మీద ఆమె. పక్కన నేల మీద కూర్చుని దారానికి మైనం రాస్తూ ఆమె భర్త ఓదెలు. ఓదెలు సర్వీసంతా భూగర్భ గనిలో బ్రాటిస్ పని చేశాడు. గనిలో గాలిని పని జరిగే చోటికి మళ్లించడానికి పైకప్పు నుంచి నేల దాకా కట్టే మందపాటి పరదాను బ్రాటిస్ అంటారు. ఆ పరదాకు సందు ఉంటే గాలి మధ్యలోనే తప్పించుకుపోతుంది, బొగ్గు తీసే చోట మనుషులకు ఊపిరాడదు. ఓదెలు కట్టిన పరదా దగ్గర గాలి లీకు కాదని పై అధికారులు మెచ్చుకునేవారట. నేను అక్కడ కూర్చున్న కాసేపట్లోనే ఆ మాట రెండుసార్లు చెప్పాడు. ఆయాసం ముదిరి డ్యూటీ మానేశాక ఇలా భార్య మిషన్ పక్కకు చేరాడు.

ఇద్దరూ లారీల సరుకు మీద కప్పే పట్టాలు కుట్టి బతికేవారు. ప్లాస్టిక్ పట్టాలు వచ్చాక ఆ పని పడిపోయింది. పెద్దపల్లి నుంచి ఒకాయన వచ్చి మిషన్‌ను బేరం చేసి పోయాడు, వచ్చే ఆదివారం కాక పై ఆదివారం తీసుకుపోతానన్నాడు. మిషన్ పోతే సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే సమ్మక్క తమ్ముడి దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడి దూదిపొట్టులో ఓదెలు ఊపిరితిత్తులు ఏమవుతాయో ఆమెకు తెలుసు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో బతిమాలుకోవడం ఏమీ లేదు.

"మీ ఆర్డరొస్తే మిషన్ అమ్మం సారూ. రాకుంటె ఆయనొచ్చి తీస్కపోతడు. రెండిట్ల ఏదో ఒకటి జల్ది చెప్పుండ్రి."

పెద్ద ఆర్డరు ఇచ్చే ముందు ఒక్కటి చేయించి వాడి చూడడం మా పద్ధతి. దాన్ని శాంపిల్ అంటాం. శాంపిల్ చేయమన్నాను.

నాలుగు రోజులకే ఓదెలు ట్రాలీ ఆటోలో దాన్ని తెచ్చి స్వయంగా నిలబెట్టాడు. అంత అందమైన గుడారం నేను చూడలేదు. అంచులన్నీ మడిచి లోపల తాడు పెట్టి కుట్టారు. తాళ్లు దూర్చి కట్టే ఇత్తడి రింగులు ఒక్కటీ వంకర లేదు. గోడగుడ్డకు నేలగుడ్డను కలిపి కుట్టేశారు. వాకిలి రెండు పొరలతో ఒకదాని మీద ఒకటి మూసుకుంటుంది. గనిలో పరదాను పరీక్షించినట్టే ఓదెలు ఒక్కో కుట్టు దగ్గర చిటికెడు సున్నప్పొడి వదిలి చూశాడు. పొడి అటూ ఇటూ కదలకుండా తిన్నగా కిందికి రాలింది.

"సూడుండ్రి సారూ, చీమ ఊపిరి గూడ బయటికి పోదు" అన్నాడు.

నేనూ సంబరపడి ఆఫీసుకు ఫోన్ చేసి, ఇలాంటి గుడారం మిలిటరీకి కూడా లేదని చెప్పాను. మిలిటరీ గుడారం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున మంచు ఇంకా విడవకముందే మా డ్రిల్లరు రాజలింగు తడిసిన గొంగడి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ నోటి తీట ఎక్కువ. "కాకా, ఊరంత ఎండుంది, మీ గుడారంల వాన పడ్డది" అన్నాడు. వెళ్లి చూశాను. లోపల దూలం వెంబడి చుక్కలు వరసగా వేలాడుతున్నాయి. పక్కలన్నీ తడి. ఆకాశంలో చూస్తే మబ్బు తునక లేదు.

మా మేనేజరు వరప్రసాద్ గారిది విజయవాడ వైపు. మెత్తగా మాట్లాడతారు, మాట మాత్రం మార్చరు. సంగతి వినగానే, "చలికాలంలోనే కారే గుడారం వానాకాలంలో ఏం పనికొస్తుందండీ? తిప్పి పంపేయండి, నైలాన్‌వే మళ్లీ తెప్పిద్దాం" అన్నారు. అప్పుడు నేను టేబుల్ గుద్ది, ఈ గుడారం పోతే నేనూ పోతానని గర్జించినట్టు మా ఇంట్లో చాలా ఏళ్లు చెప్పుకున్నాను. మాట్లాడింది రోడ్డు పక్కన ఎస్టీడీ బూత్ నుంచి. అక్కడ గుద్దడానికి టేబులే లేదు. "సార్, శనివారం మీరు క్యాంపుకు వస్తున్నారు కదా, అప్పుడు మీరే చూసి తేల్చండి" అన్నాను. కానీ ఆ మాట మూడుసార్లు అన్నాను. ఆయన సరే అనేదాకా ఫోన్ పెట్టలేదు. పెద్దపల్లి ఆయన రావలసిన ఆదివారం ఆ శనివారం మర్నాడే.

ఆ రాత్రి మావాళ్లతో పాటు నేనూ అందులో పడుకున్నాను. తడి ఎక్కడి నుంచి వస్తోందో శాస్త్రీయంగా పరిశోధించానని చెప్పాలని ఉంది. తెల్లారి లేచి కళ్లద్దాలు పెట్టుకుంటే, పెట్టుకున్న క్షణాన మసకబారాయి, అంతే నా పరిశోధన. మా ఊపిరి, లోపల ఆరేసిన తడి బట్టల ఆవిరి బయటికి పోయే సందు లేక, మంచుకు చల్లబడ్డ గుడ్డను తాకి నీళ్లై కారుతోంది. గుడారం కారడం లేదు, మేమే కారుతున్నాం.

షెడ్డుకు పోయి ఈ మాట చెబితే ఓదెలు వినలేదు. లేచి అదే తానులో మిగిలిన గుడ్డను దొప్పలా పట్టి రెండు బకెట్ల నీళ్లు పోయించాడు. కింద చుక్క రాలలేదు. గుడ్డలో లోపం లేదు, కుట్టులో లోపం లేదు, మీవాళ్లే తాగి నీళ్లు ఒలకబోసుకున్నారన్నాడు. పైన రెండు కన్నాలు పెడితే చాలని నేను అనగానే ఆయన ముఖం మారిపోయింది.

"పరదకు కన్నం పెట్టుమంటరా? సర్వీసు మొత్తంల ఒక్క సందు పెట్టనియ్యలే నేను. కన్నం పెట్టిన పరద ఎందుకు సారూ, కాలవెట్టుండ్రి."

సమ్మక్క మిషన్ ఆపింది. "గట్లయితె నువ్వే పోయి అండ్ల పండుకో" అంది.

ఆయన పంతానికి పోయి, దుప్పటి చంకన పెట్టుకుని ఆ సాయంత్రమే మా క్యాంపుకు వచ్చాడు. ఆయాసం మనిషి, ఏమన్నా అయితే ఎట్లా అని నాకు భయం. వద్దన్నాను, వినలేదు. రాజలింగును పక్కన పడుకోబెట్టి, వాకిలి కాస్త తెరిచి ఉంచమన్నాను. ఓదెలే లేచి దాన్ని మూసి ముడి వేశాడట.

పొద్దున చూస్తే ఓదెలు గుడారం బయట కోర్ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఒక్కో ఊపిరిని తవ్వి తీస్తున్నట్టు తీస్తున్నాడు. నెత్తిన ఉన్న మంకీ క్యాపు తడిసిపోయింది. ఇంతలో పొద్దుటి మొదటి షేర్ ఆటో పట్టుకుని సమ్మక్క వచ్చింది. భర్తను ఒకసారి ఎగాదిగా చూసి గుడారంలోకి పోయింది. లోపలి గుడ్డను అరచేత్తో ఒక్క తుడుపు తుడిచి, బయటికి వచ్చి ఆ చేతిని ఆయన ముఖం ముందు పట్టింది. వేళ్ల కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"గనిల గాలి ఒచ్చే తొవ్వనే ఉండి, పోయే తొవ్వ లేకుంటె నువ్వు ఇంటికొద్దువా? అక్కడ రెండు తొవ్వలు కావాలె, గీడ ఒక్కటి గూడ ఒద్దా?"

గనిలో స్వచ్ఛమైన గాలి లోపలికి వచ్చే దారిని ఇంటేక్ అంటారు, వాడిన గాలి బయటికి పోయే దారిని రిటర్న్ అంటారు. రెండూ లేకుండా ఏ గనీ నడవదు. పరదా పని ఆ గాలిని పని జరిగే చోటి దాకా తీసుకుపోవడమే, ఆపేయడం కాదు. ఈ పోలిక పట్టింది నేనేనని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పట్టింది సమ్మక్క. షిఫ్టు దిగి వచ్చిన మనిషి అన్నం తింటూ చెప్పిన కబుర్లను ఇన్నేళ్లూ విని గుర్తుపెట్టుకున్న మనిషి.

ఓదెలు తడిసిన మంకీ క్యాపు తీసి పిండాడు. చివరికి, "కత్తెర తెచ్చినవానె?" అన్నాడు.

"తెచ్చిన" అంది.

కొయ్యటానికి మాత్రం ఆయన చెయ్యి రాలేదు. కత్తెర నోరు గుడ్డకు ఆనించి, తీసి, మళ్లీ ఆనించాడు. సమ్మక్క సాయం పట్టబోతే విసుక్కున్నాడు. అలా కాసేపు నిలబడి, ఒక్కసారిగా కర్రుమని కోశాడు. ఒకసారి కోశాక ఇక ఆగలేదు. గాలి వీచే వైపు గోడగుడ్డ అడుగున చుట్టి పైకి కట్టుకునే రెక్క పెట్టాడు. ఎదుటి వైపు దూలం కింద కిటికీ కోసి, వాన పడకుండా దానికి టోపీలాంటి కప్పు కుట్టాడు. వాకిలి ముడి తీసేయించి, కింద జానెడు వదిలాడు. "గిది ఇంటేకు, గది రిటర్ను" అని మావాళ్లకు గనిలో కొత్తవాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. అప్పటి నుంచి మా క్యాంపులో వాటికి ఆ పేర్లే. రిటర్న్ మూసి పడుకున్నవాడిని రాజలింగు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

శనివారం వరప్రసాద్ గారు వచ్చారు. రిగ్గులు చూసి, చీకటి పడకముందే రామగుండంలోని గెస్ట్‌హౌస్‌కు వెళ్లిపోవాలని ఆయన ఆలోచన. సరిగ్గా అప్పుడే ఆయన్ను దింపాల్సిన మా జీపు మొండికేసింది. బ్యాటరీ పోయిందన్నాను. బ్యాటరీ బాగానే ఉంది, దాని వైరు నా జేబులో ఉంది. ఆయనకు ఆ గుడారంలోనే పక్క వేయించాను. చుట్టూ షిఫ్టు దిగిన డ్రిల్లర్లను పడుకోబెట్టించి, వాళ్ల తడి బట్టలన్నీ లోపలే ఆరేయించాను. పరీక్ష అంటే పరీక్షే.

పొద్దున అందరూ లేచారు. ఆయన లేవలేదు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను, చాయ్ చల్లారిపోయింది. ఎండ గుడ్డ మీద పడ్డాక లేచి, లోపలి వైపు అరచెయ్యి ఆనించి, తర్వాత ఆ చేతిని చొక్కాకు రాసుకుని చూసుకున్నారు. బట్టలు వేలాడదీసిన మూల కొంచెం చెమ్మ ఉంది, మిగతాదంతా పొడి. "బట్టలు బయట ఆరేయించండి" అన్నారు. చాయ్ ఒక గుక్క తాగి, "మిగతావి ఎప్పటికి ఇస్తారో కనుక్కోండి" అన్నారు. బ్యాటరీ వైరు సంగతి ఆయనకు తెలుసనుకుంటాను. జీపు స్టార్టయినప్పుడు నా జేబు వైపు చూశారు.

మిషన్‌ను ట్రాలీలోకి ఎక్కిస్తుండగా నేను పరుగున వెళ్లి ఆపానని చెబితే కథకు బాగుంటుంది. నేను వెళ్లేసరికి పెద్దపల్లి ఆయన ఇంకా రానేలేదు. ఆర్డరు మాట చెప్పి కూర్చున్నాను. సమ్మక్క మిషన్‌కు నూనె వేసింది. ఓదెలు గుడ్డ పరిచి, ముందుగా రిటర్న్ ఎక్కడ రావాలో అక్కడ సుద్దతో గీత గీశాడు, తక్కిన కొలతలన్నీ తర్వాతే. కాసేపటికి ట్రాలీ వచ్చి ఆగింది. సమ్మక్క కుట్టు ఆపకుండా, తల ఎత్తకుండా, "చాయ్ తాగి పో అన్నా, మిషన్ డ్యూటీల ఉన్నది" అంది.

తర్వాత ఆ క్యాంపులో ఉన్నన్నాళ్లూ, ఆ పైన చేసిన ఉద్యోగాల్లోనూ ఏ వస్తువు కొన్నా ఒక పద్ధతి పెట్టుకున్నాను. నచ్చకపోతే తిప్పి పంపే ముందు, చేసినవాళ్లను దాన్ని వాడే చోటికి రప్పించేవాణ్ణి. ఓదెలు తప్పు చేసింది పని రాక కాదు, పని మరీ బాగా వచ్చి. అలాంటి మనిషికి తప్పు చెబితే వినడు, ఒక రాత్రి దానిలో పడుకోవాలి. పక్కన మనమూ ఉండాలి. ఈ పద్ధతి వల్ల సరుకు ఇచ్చేవాళ్లతో నాకు చాలా తగాదాలు వచ్చాయి. అన్నిట్లోనూ నేనే గెలిచాను. సరే, సగం అనుకోండి.