గంట విమానానికి మూడు రోజుల దుమ్ము

బేగంపేటలో లేచిన విమానం గన్నవరంలో క్షేమంగా దిగుతోందంటే ఆ ఘనత దాన్ని నడిపేవాడిది కాదు, జగ్గయ్యపేట నాగేంద్రమ్మ చీపురుది. ఆవిడ ఒక్కపూట తొందరపడి ఇల్లు ఊడ్చి ఉంటే ఏమయ్యేదో!

భర్త పోయాక నాగేంద్రమ్మ బజారు వీధిలోని అంత ఇంట్లో ఒక్కతే ఉండేది. మనసు విప్పి మాట్లాడుకోవడానికి మిగిలింది చెల్లెలు తాయారు. తాయారు అత్తగారి ఊరు నందిగామ, కాపురం హైదరాబాదు. వస్తూ పోతూ జగ్గయ్యపేటలో బస్సు ఆగగానే దిగి అక్క ఇంటికి పరుగెత్తుకొచ్చేది. అక్క పెట్టిన పెరుగన్నం తింటూ కబుర్లలో పడితే, డ్రైవరు హారను మోగించి మోగించి, విసిగి బస్సు పోనిచ్చేవాడు. అక్కచెల్లెళ్లకు కావలసిందీ అదే. తెల్లారి మరో బస్సు.

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో ఒకనాడు మరిది తిరుపతిరావు వచ్చాడు.

“వదినా, తాయారు బుధవారం విమానంలో వస్తోందంట. నూటయాభై మైళ్ల పైమాట, గంటలో గన్నవరం! అక్కణ్ణుంచి కారులో నందిగామ.”

“అంటే నందిగామ దాటిపోయి మళ్లీ వెనక్కి వస్తుందా?”

“ఆఁ.”

“మరి మన ఊళ్లో ఆగదూ?”

తిరుపతిరావు పగలబడి నవ్వాడు. “ఆకాశంలో ఎక్కడాపుతారు వదినా!”

ఊరికి బయల్దేరినవాళ్లు చేరేదాకా ఇల్లు ఊడవకూడదని వాళ్ల పట్టింపు. నిజానికి అది బయల్దేరిన ఇంటికే. హైదరాబాదులో పనిమనిషి ఊడ్చేస్తుందేమోనని భయపడి, బుధవారం పొద్దున్నే నాగేంద్రమ్మ తన చీపురు అటక మీద పెట్టేసింది. చప్పుడు వినగానే పెరట్లోకి వచ్చి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. పొయ్యి మీద కాఫీ నీళ్లు మరిగేలోపే విమానం నందిగామ వైపు చుక్కయిపోయింది. ఎవరికో మరి, పెరుగన్నం మాత్రం కలిపింది.

“ఈపాటికి దిగేసుంటుంది, ఊడ్చుకో వదినా” అన్నాడు సాయంత్రం తిరుపతిరావు.

“దిగితే చాలా? ఇంటికి చేరినట్టు కబురు రావద్దూ?”

కబురు రాలేదు. మర్నాడూ రాలేదు. శుక్రవారానికి గచ్చు మీద అడుగుజాడలు పడ్డాయి, అన్నీ ఒక్క మనిషివే. ఐదో తరగతితో బడికి దండం పెట్టేసిన మనవరాలు కమల పక్క వీధి నుంచి జంతికల కోసం వచ్చి, ఆ దుమ్ములో వేలితో విమానం బొమ్మ గీసింది. నాగేంద్రమ్మ తిట్టలేదు.

శనివారం తిరుపతిరావు నందిగామలో పని చూసుకుని వచ్చాడు.

“ఆ రోజే చేరిందంట వదినా. కబురు చెయ్యాలని తోచలేదంట. ఎల్లుండి మళ్లీ విమానంలోనే పోతోంది.”

“చిక్కిందా?”

“లేదు, దివ్యంగా ఉంది.”

 నాగేంద్రమ్మ చీపురు దించి, వంటింటి మూల నుంచి మొదలుపెట్టింది. బొమ్మ దాకా వచ్చి, దాని చుట్టూ ఊడ్చింది. కమల పక్కనే బాసింపట్టు వేసుకుని జంతికలు నములుతోంది.

“గంట ప్రయాణానికి ఇంత దుమ్మా అమ్మమ్మా! ఎల్లుండి మళ్లీ చీపురు దాస్తావా?”

“దాస్తానే. ఊడ్చేది నువ్వా ఏంటి? కాళ్లు తియ్యి.”