గోనెసంచిలో వచ్చిన సారె

ఉప్పలగుప్తం దిగువన, సముద్రపు హోరు వినబడే పల్లెలో అప్పాయమ్మ నోరంటే అందరికీ హడలు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి, ఆ మాత్రం నోరు లేకపోతే బతికేదెలా? ఒక్క కోడలు దుర్గాభవాని దగ్గరే ఆ నోరు మెత్తబడేది. తల్లి లేని పిల్ల మరి.

ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి. కొడుకు వీరబాబు రొయ్యల చెరువుల కాపలాలో ఉండి ఎప్పుడో గాని ఇంటికి రాడు. పుట్టింటికి పంపుదామా అంటే కొత్తపేటలో తండ్రి శ్రీరాములు ఒంటిగాడు. పురుడు తన చేతుల మీదే పోస్తానంది అప్పాయమ్మ.

తొంభై ఎనిమిది వేసవి అది. కాలువలకి నీళ్లు ఆపేశారు. మంచినీళ్ల చెరువు అడుగంటి పచ్చబడింది. పక్కవీధిలో పచ్చకామెర్లు మొదలయ్యాయి. చూలాలికి సోకితే తల్లికీ బిడ్డకీ ముప్పేనని, నీళ్లు కాచి చల్లార్చే తాగించమని నర్సు గాయత్రి గట్టిగా చెప్పింది. కాచడానికేం, అప్పాయమ్మ కాచింది. కానీ కొబ్బరిమట్టల పొగ నీళ్లకి పట్టేసేది. గుక్క దిగీ దిగకముందే భవాని కక్కేసేది.

"దాహమేస్తందత్తయ్యా, తాగలేకపోతన్నాను" అనేది పగిలిన పెదాలతో. అప్పాయమ్మ మళ్లీ నర్సు దగ్గరికే పరిగెత్తింది.

నర్సమ్మే ఉపాయం చెప్పింది. "కాచిన నీళ్లు కుండలో ఇసకా బొగ్గూ వేసి వడబొయ్యండి పిన్నిగారూ. పొగవాసనంతా బొగ్గు లాగేస్తుందండి."

అప్పాయమ్మ కొంగు బిగించింది. ముక్కాలి చట్రం మీద ఒక కుండ, దాని కింద ఇంకోటి. పై కుండ అడుగున చిల్లు పొడిచి కొబ్బరిపీచు కుక్కింది. అందులో గులకరాళ్లు, కొబ్బరిచిప్పలు కాల్చి నలగ్గొట్టిన బొగ్గు, పైన ఇసుక. ఇసుకకేం కరువు? రోజంతా సముద్రం కడిగే ఇసుక కన్నా శుభ్రమైనది ఇంకెక్కడుంటుందని గంపెడు ఎత్తుకొచ్చింది.

నీళ్లు తేటగా దిగాయి. ఆశగా నోట్లో పోసుకున్న భవాని ఉప్పు కషాయమని ఉమ్మేసింది. ఇసుక కడుగుదామంటే ఇంటి నుయ్యీ ఉప్పే, చెరువు నీళ్లు తాగడానికే చాలవు.

"సముద్రాన్ని కుండలో పెట్టేవేంటే అప్పాయీ!" అని పక్కింటి సుబ్బాయమ్మ పడీపడీ నవ్వింది. అప్పాయమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం అరుగు మీద పడుకున్న భవాని తనలో తను అనుకుంటున్నట్టు అంది. "మా గోదారి ఇసకలో చెలమ తీస్తే నీళ్లెంత తియ్యగా ఉండేవో. మా అమ్మ దోసిట్లో పట్టి తాగించేది."

తెల్లారేసరికి అప్పాయమ్మ గోనెసంచి చంకన పెట్టుకుని బయల్దేరింది.

"పిలవకుండా వియ్యాలవారింటికా? మగపెళ్లివారి మర్యాదేం కానూ!" అంది సుబ్బాయమ్మ.

"నా మర్యాద తాగితే దాని దాహం తీరుద్దా ఏంటి?"

గుమ్మంలో వియ్యపురాలిని చూసి శ్రీరాములు గాభరా పడిపోయాడు. సంగతి విని కళ్లు తుడుచుకున్నాడు. "వాళ్లమ్మే ఉంటే చలిమిడీ సారే పట్టుకుని ఈపాటికి వచ్చేదండీ చెల్లెమ్మగారూ. నాకివన్నీ చాతకావండి."

"చలిమిడి నేను కలుపుకుంటాను అన్నయ్యగారూ. మీరీ సంచి నింపండి చాలు."

"ఆయ్" అంటూ ఆయన గోదారిలో మోకాలిలోతు నీళ్లలో దిగి, లంక ఇసుక కడిగి కడిగి సంచి నింపాడు.

బస్సులో కండక్టరు విరగబడి నవ్వాడు. "సముద్రం ఒడ్డున ఉండి ఇసక మోసుకెళ్తన్నారేంటండీ!"

"ఇది మా కోడలి సారె నాయనా. కాలు తగలనియ్యకు."

కుండలు కడిగి, బొగ్గు మార్చి, కొత్త ఇసుక మూకుడులో వేయించి చల్లార్చి పోసింది. కాచి చల్లార్చిన నీళ్లు బొట్లుబొట్లుగా దిగుతుంటే కదలకుండా కాచుక్కూచుంది. గ్లాసు నిండాక కోడలి చేతికిచ్చింది.

భవాని భయంభయంగా ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క వేసింది. అడుగంటా తాగేసి అత్త వంక చూసింది.

"ఈ ఇసకెక్కడిదత్తయ్యా?"

"మీ అమ్మ నీకు నీళ్లు పట్టిన చోటిది. మీ నాన్న పంపిన సారె."

భవాని ఏడుస్తూనే నవ్వింది. "సారె వస్తే ఇంటింటికీ పంచాలి కదత్తయ్యా?"

"పంచను గాక పంచను" అంది అప్పాయమ్మ, మళ్లీ గ్లాసు నింపుతూ. "ఇదంతా నువ్వే తాగాలి."