రెండు మెరుపుల కెమెరా

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఫొటో స్టూడియో నడిపే యాదయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇకమీద చెప్పబోయేదంతా ఆయన మీద ఫిర్యాదులా వినిపిస్తుంది.

రీలు కెమెరా రోజుల్లో మా చుట్టుపక్కల జనానికి ఫొటోకు కూర్చోవడం నేర్పింది ఆయనే. గడ్డం పైకెత్తాలి, చేతులు మోకాళ్ల మీద పెట్టాలి, లైటు పడేదాకా రెప్ప వేయకూడదు, లైటు పడ్డాక ఎవరిష్టం వాళ్లది. జనం ఈ పాఠాన్ని ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారంటే, లైటు పడేవరకు ఊపిరి కూడా బిగబట్టేవాళ్లు.

రెండు వేల ఆరులో ఊరి చుట్టూ కంది చేలన్నీ హద్దురాళ్లు పాతిన ప్లాట్లవుతుంటే, పెళ్లిళ్లు ఇంటి ముందు పందిళ్లలోంచి సాగర్ రోడ్డు మీది ఫంక్షన్ హాళ్లకు మారాయి. యాదయ్య కూడా మారాడు. కోఠికి పోయి డిజిటల్ కెమెరా తెచ్చుకున్నాడు. దాంతో వచ్చిన పుస్తకాన్ని పెట్టెలోనే ఉంచి, పెట్టెను బీరువా మీదికి ఎక్కించి, కెమెరాకు మాత్రం భక్తిగా పసుపు కుంకుమ పెట్టాడు.

ఆ కెమెరా రెండుసార్లు మెరిసేది. ముందు చిన్నగా ఒకటి, క్షణం ఆగి పెద్దగా ఒకటి. ఎందుకో యాదయ్యకు తెలియదు. తెలియదంటే గిరాకీ పోతుంది గనక, మొదటి మెరుపు మొహానికి, రెండోది నగలకు అని చెప్పాడు. భూమి అమ్మి కొత్తగా బంగారం కొన్న ఇళ్లలో ఈ మాట బాగా పనిచేసింది. నగల మెరుపు సరిగా పడలేదని మళ్లీ తీయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

చిక్కల్లా ఏమిటంటే, పాత పాఠం ప్రకారం అందరూ మొదటి మెరుపుకే వదులైపోయేవాళ్లు. మా గృహప్రవేశం ఫొటోలో నా చేయి అప్పటికే లడ్డూల పళ్లెం వైపు సగం దూరం పోయి ఉంది. అది నా కక్కుర్తే అనుకొని, ఆ ఫొటోను ఆల్బంలోంచి తీసి దాచేశాను.

నాకంటే ఎక్కువ సిగ్గుపడింది సుగుణమ్మ. మంచాల ఊరి దగ్గరి పల్లెలో సేద్యం చేసే శ్రీపాల్‌కు తల్లి. ఓటు కార్డులో ఆమె కళ్లు మూతపడి వచ్చాయట. అందుకని మనవరాలు సాయిశ్రీ పెళ్లిలో ఆమె కోరిక ఒక్కటే. "ఒక్కటన్న కండ్లు తెరిసున్నది తియ్ బిడ్డా, పిల్ల పక్కన. గోడకు పెట్టుకుంటరు" అని పొద్దున్నే యాదయ్యను పక్కకు పిలిచి చెప్పుకుంది.

అక్షింతలు వేసి మనవరాలి పక్కన నిలబడింది. చిన్న మెరుపు దాకా కళ్లు తెరిచే చూసింది. లైటు పడింది గదా అని మూసింది. అప్పుడు పెద్ద మెరుపు పడింది. కెమెరా వెనకున్న చిన్న తెరలో చూసుకొని యాదయ్య మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ అంతే. నాలుగోసారికి వరసలో ఉన్నవాళ్లు గుప్పిట్లో అక్షింతలతో విసుక్కోవడం మొదలుపెట్టారు.

"లైటు పడేదాక నేను మూస్తలేను బిడ్డా" అంది సుగుణమ్మ చిన్నగా.

"మరి కెమెరా అబద్ధం చెప్తదా అవ్వా?" అన్నాడు యాదయ్య, హాలంతా వినేట్టు.

వియ్యాలవారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కొంగు సర్దుకొని స్టేజీ దిగిపోయింది.

రెండు నెలల తర్వాత, తెనాలి నుంచి వచ్చి బడంగ్‌పేట్ కాలనీలో ఉంటున్న హైమవతి అనే ఆవిడ, తమ ఇంటి బారసాల ఆల్బం తీసుకుపోవడానికి వచ్చింది. నిలబడే నాలుగు పేజీలు తిరగేసి, "మావాళ్లందరికీ ఒకేసారి నిద్రొచ్చిందాండీ?" అని అడిగింది. యాదయ్య మొహానికొకటి, నగలకొకటి అంటూ మొదలుపెట్టాడు. ఆవిడ ఓపికగా విని, కెమెరాతో పుస్తకమేమన్నా ఇచ్చారా అంది. బీరువా మీది పెట్టె దిగింది.

పావుగంటలో సంగతి తేలింది. కెమెరా మీద కన్ను బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంది. అది వేసి ఉంటే, ఫొటోలో కళ్లు ఎర్రగా పడకుండా కెమెరా ముందు ఒకసారి ఊరికే మెరుస్తుంది. ఫొటో పడేది రెండో మెరుపులోనే. "మొదటిదాంట్లో అసలు ఫొటోయే లేదండీ" అని ఆవిడే మీట నొక్కి ఆపేసింది. ఫ్లాష్‌ను మొహాల మీదికి కాకుండా తెల్లటి గోడకో పైకప్పుకో తిప్పితే వెలుగు మెత్తగా పడుతుందని కూడా చదివి చెప్పింది. నా చేయి ఆ రోజే నిర్దోషి అని తేలింది.

యాదయ్య మధ్యాహ్నమే షట్టరు దించి మంచాల బస్సెక్కాడు.

సుగుణమ్మ అరుగు మీద విత్తనం కందులు చెరుగుతోంది. ఆషాఢమని సాయిశ్రీ కూడా పుట్టింట్లోనే ఉంది. యాదయ్య చేట పక్కన కూర్చొని, తప్పు ఆమెది కాదని, తనదేనని, మీట సంగతంతా విడమరిచి చెప్పాడు. ఆమె చెరగడం ఆపలేదు.

"కెమెరా అబద్ధం చెప్పదంటివి గద బిడ్డా."

యాదయ్య లేచి సంచిలోంచి కెమెరా తీశాడు. సున్నం వేసిన గోడ పక్కన ఇద్దరినీ కూర్చోబెట్టి, ఫ్లాష్‌ను గోడ వైపు తిప్పి తీశాడు. ఒక్కటే మెరుపు. వెలుగు మెత్తగానే పడింది. సుగుణమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఎంతగానంటే, కనుబొమలు నుదుటికెక్కి, పెదవులు బిగుసుకొని, కొట్టడానికి వస్తున్నవాణ్ని చూస్తున్నట్టు ఉన్నాయి. ఫికర్ పెట్టుకోకు అవ్వా, జర మామూలుగ చూడు అని బతిమాలాడు. సాయిశ్రీ నవ్వించబోయింది. పన్నెండు తీశాడు. పన్నెండింటిలోనూ అవే కళ్లు. నీళ్లు కారుతున్నా ఆమె రెప్ప వేయలేదు.

తన పెళ్లయినప్పటి నుంచి నాయినమ్మ రోజూ అద్దం ముందు కూర్చొని రెప్ప వేయకుండా చూడడం నేర్చుకుంటోందని సాయిశ్రీ అప్పుడు చెప్పింది.

"ఈసారి మూయలే గద?" అంది సుగుణమ్మ.

"లేదవ్వా. మస్తుగొచ్చింది."

ఆ ఫొటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తనే పోయి శ్రీపాల్ ఇంట్లో గోడకు మేకు కొట్టి తగిలించాడు. చూసినవాళ్లు ముసలమ్మకు కోపం ఎక్కువేమో అనుకుంటారు. సుగుణమ్మ మాత్రం వచ్చినవాళ్లందరినీ తీసుకుపోయి చూపిస్తుంది. ఆ ఇంటికి ఏ పనిమీద పోయినా యాదయ్య ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. అక్కడైతే ఫొటో కనిపించదు.