బోటి పళ్ళెం ఎవరు మోశారు

కిరండుల్ ఇనుప గని క్వార్టర్స్‌లో బోటి కడగడంలో నా తర్వాతే ఎవరైనా. వేణ్ణీళ్ళు, సున్నం, ఓపిక. ఇరవయ్యేళ్ళుగా తిన్నవాళ్ళంతా వేళ్ళు నాకారే గానీ, ఒక్కరూ లేచి ఒక మంచి మాటన్న పాపాన పోలేదు.

పక్క క్వార్టరు అమ్మాయి మొగుడు ఉద్యోగం పనిమీద రెండేళ్ళు స్కాట్లాండులో ఉండొచ్చాడు. అక్కడ వాళ్ళ కవి ఒకాయన పుట్టినరోజుకి జనవరిలో విందు చేస్తారట. గొర్రె పొట్టలో కార్జం, గుండె, ఓట్స్ కూరి ఉడికించి, దాని ముందు నిలబడి పద్యం చదువుతారట. ఫోన్లో చూపించాడు. కెనడాలో, సింగపూర్‌లో, న్యూజిలాండ్‌లో కూడా గళ్ళ లంగాలు కట్టిన మగాళ్ళు బోటికి చప్పట్లు కొడుతున్నారు. చూస్తుంటే నాకు కడుపు మండిపోయింది.

ఈ జనవరిలో ఆ విందు ఇక్కడా వాళ్ళింట్లో పెట్టుకున్నారు. "అక్కా, పొట్ట కడుగుడు నాకేం తెల్వదు. నువ్వే చేసి పెట్టాలె" అని వచ్చిందా అమ్మాయి. కష్టం నాది, పేరు తనది. అయినా ఒప్పుకున్నాను. నేను కాదంటే ఇంకెవరైనా బాగా చేసేస్తారేమోనని భయం. కడిగి, కూరి, దారంతో కుట్టి, మూడు గంటలు ఉడికించాను. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు కాబట్టి ఆయనకి తెలీదు.

విందు మొదలయ్యే ముందు ఆమె వంటింట్లో పళ్ళెం నా చేతికివ్వబోయింది. "అక్కా, పాట పెట్టంగనే దీన్ని నువ్వే పట్టుకు రావాలె."

వండించుకున్నది చాలక మోయిస్తుందా? ఒళ్ళు మండింది. "నేనేమన్నా వడ్డించే మనిషినా? నీ విందు, నువ్వే మోసుకో" అన్నాను. ఆమె ఏదో చెప్పబోయింది. వినకుండా వెళ్ళి, షిఫ్టు నుంచి నేరుగా విందుకొచ్చిన మా ఆయన పక్కన కూర్చున్నాను.

అప్పుడు వాళ్ళాయన లేచి ఆచారం చెప్పాడు. "పళ్ళెం తెచ్చేది వండిన మనిషే. అందరం లేచి నిలబడాలి. మొదటి విస్కీ గ్లాసు కూడా వాళ్ళకే."

పాట మొదలైంది. ఆమె పళ్ళెంతో వచ్చింది. అందరూ లేచారు, నేనూ లేచాను. చప్పట్ల మధ్య గ్లాసు పట్టుకుని ఆమె నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"ఇన్నేళ్ళకి అసలైన బోటి తిన్నాను. ఆ అమ్మాయి దగ్గర నేర్చుకోరాదూ?" అన్నాడు ఇంటికి నడుస్తూ.

"అలాగే నేర్చుకుంటాలెండి" అన్నాను.