జిల్లేడాకు వెనక చూసే మనిషి

కండక్టరు బాబాయి పోయారన్న కబురు నాకు పోస్టాఫీసు కౌంటరులో ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది మా ఆయన. పొద్దున్న టీ తాగి, గుండెల్లో మంటగా ఉందని మంచం మీద వాలారట. మా ఆయనే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. "దార్లో రొండు సార్లు పలికారు. గేటు కాడ ఆపి ఎనక్కి తిరిగి పిలిస్తే పలకలేదే" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నిజం చెప్తాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఈవేళ ఆ పురుగులకి ఆకులు ఎవరు వేస్తారా అన్న ఆలోచన వచ్చింది. కన్నతండ్రి లాంటి మనిషి పోతే పురుగుల తిండి గుర్తుకొచ్చిందేమిటని నా మీద నాకే అసహ్యం వేసింది. అయితే ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ నన్ను తప్పు పట్టరు. మీరు ఎరగరు కాబట్టి చెప్తున్నాను.

మాది అరసవల్లి. సూర్యుడి గుడి రోడ్డులో లాడ్జీలు, కొబ్బరికాయల దుకాణాలు దాటాక వచ్చే ఒక సందులో ఆయన ఇల్లు, మా ఇల్లు ఎదురెదురు. చుట్టరికం ఏమీ లేదు. నేను పుట్టి పెరిగిన ఇల్లది, మా ఆయనే ఇల్లరికం వచ్చాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఎదురింటాయన నాకు బాబాయి, ఆవిడ పిన్ని. ముప్ఫై ఏళ్ళకి పైగా బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరయ్యి, ఇంటి ముందున్న నాలుగు గజాల జాగాలో ఆయన సీతాకోకచిలుకల్ని పెంచారు. మనమందరం మొక్కకి పురుగు పడుతుందని మందు కొడతాం. ఆయన పురుగు పట్టడం కోసమే మొక్క వేసేవారు.

కరివేపాకూ నిమ్మా గుడ్లు పెట్టే చిలుకల కోసం. నూరువరహాలూ బంతీ తేనె కోసం. ఒక మూల పళ్ళెంలో తడి ఇసుక, అందులో చిటికెడు ఉప్పు. ఎండ ఎక్కాక చిలుకలు వచ్చి ఆ ఇసుక మీద వాలి చెమ్మ పీల్చేవి. వాటి అసలు పేర్లు ఆయనకి తెలియవు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. నేల బారున ఎగురుతూ పువ్వు పువ్వుకీ ఆగే చిన్న పసుపు చిలుక ఆర్డినరీ. ఎక్కడా వాలకుండా మన తల మీంచి పోయేది నాన్‌స్టాప్. రెక్కల చివర నలుపూ తెలుపూ ఉన్న ఇటుక రంగుది ఎర్రబస్సు. ఎర్రబస్సంటే ఆయనకి ప్రాణం. అది గుడ్లు పెట్టేది జిల్లేడు మీద. అందుకని గేటు పక్కన నిలువెత్తు జిల్లేడు ఉండేది.

ఈ పిచ్చి ఎలా పట్టిందని ఒకసారి అడిగాను. సాలూరులో బస్సు ఆగిపోయిందట. లారీల ఊరు కాబట్టి మెకానిక్కులకి కొదవ లేదు, కానీ ఆ రోజు అందరూ లారీల కిందే ఉన్నారు. చేసేది లేక రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంటే, ఎదురుగా ఉన్న జిల్లేడు కొమ్మకి ఒక చారల పురుగు తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. చూస్తుండగానే దాని తోలు చిట్లి పైకి జారిపోయి, లోపల నుంచి ఆకుపచ్చని గూడు బయటపడింది.

"ముప్పై ఏళ్ళు ఆ రోడ్డు మీద తిరిగానే! అదే సెట్టు, అదే పురుగు. ఆగితే గానీ కనపళ్ళేదు" అన్నారు.

ఆయన పద్ధతి ఆయనది. పొద్దున్నే ఆకుల్ని ఒక్కొక్కటీ ఎత్తి వెనక చూసేవారు. గుడ్డు ఆవగింజలో సగం ఉంటుంది, తెల్లగా. గుడ్డున్న ఆకుని తుంచి, పాత దోమతెర కుట్టిన బుట్టలో వేసి వసారాలో పెట్టేవారు. బయట వదిలేస్తే చీమలూ కందిరీగలూ మిగల్చవు. రోజూ తాజా ఆకులు వేయాలి, రెట్ట తుడవాలి, తడి ఉండకూడదు. చుట్ట కాల్చాలనిపిస్తే గేటు దాటి సందు చివరికి పోయేవారు. తిరిగొచ్చి మోచేతుల దాకా కడుక్కుంటే గానీ బుట్ట ముట్టేవారు కాదు. "నా కాడికొచ్చేటప్పుడు ఈ కడుక్కోడం ఎప్పుడైనా ఉన్నాదేటి?" అని పిన్ని లోపల నుంచి సాధించేది. పిన్నికి ఆ పురుగులు గిట్టవు. బుట్ట వైపు కన్నెత్తి చూసేది కాదు. "బస్సులో జనాల్తో కాపరం అయిపోయినాది, ఇప్పుడు పురుగుల్తో కాపరం" అనేది.

ఇక నా ఘనకార్యం. జిల్లేడు సూర్యుడి చెట్టే, అయినా ఇంటి ముందు పెంచరు. "నీ ఇంట జిల్లేళ్ళు మొలవ" అని తిట్టు కూడా ఉంది కదా. మా ఆయన ఆటో తిరగబడి కాలు విరిగిన ఏడాది, మా అమ్మ రోజూ మా గుమ్మంలో నిలబడి ఆ చెట్టు వైపు చూసి నిట్టూర్చేది. "గుమ్మం తీస్తే జిల్లేడు. ఏటి బాగుపడతాదే ఈ కొంప?" నేను చదువుకున్నదాన్ని, ఉద్యోగస్తురాలిని, ఇలాంటివి నమ్మనని చెప్పుకునేదాన్ని. మంచం మీద మొగుడు కాలికి కట్టుతో పడుంటే ఏ చదువూ గుర్తుకు రాదు. బాబాయీ పిన్నీ పెళ్ళికని సాలూరు వెళ్ళిన రోజు, కొబ్బరిబొండాలు కొట్టే కత్తి తీసుకెళ్ళి ఆ చెట్టుని మోకాలెత్తున నరికేశాను.

పాలు కారి చేతులంతా జిగురైంది. కింద పడ్డ ఆకుల్లో ఏదో కదిలితే వంగి చూశాను. నలుపూ తెలుపూ పసుపూ చారల పురుగులు, పడిపోయిన కొమ్మల మీంచి మోడు వైపు పాకుతున్నాయి. అక్కడ తినడానికి ఏమీ లేదు. నాకు భయం వేసింది. నరికినందుకు కాదు. అవి వెనక్కి వస్తున్నాయి చూడండి, అందుకు.

సాయంత్రం బాబాయి వచ్చి గేటు దగ్గర ఆగారు. నేను ఎదురెళ్ళి, "నేనే నరికాను బాబాయ్" అన్నాను. తిడతారనే అనుకున్నాను. తిడితే బాగుండేది. పెళ్ళి బట్టలతోనే మట్టిలో కూర్చుని పురుగుల్ని ఏరారు. ఇరవై మూడు దొరికాయి. అప్పుడు తలెత్తి, "బండి పాడైపోతే పేసెంజర్లని రోడ్డు మీద ఒగ్గీసి పోతామేటే? ఇంకో బండి సూడాల. కత్తి ఇంట్లో ఎట్టీసి, సంచి ఒట్టుకుని రా" అన్నారు.

ఆ వేళ మొదలు పది రోజులు నేను ఆఫీసుకి పోయే ముందు ఆయనతో బైపాసు పక్కనా, రైలుకట్ట పక్కనా జిల్లేడాకులు ఏరాను. ఆ పది రోజుల్లో ఆయన ఒక్కసారీ ఎందుకు నరికావని అడగలేదు. బుట్టలు మాత్రం తెచ్చి మా ఆయన మంచం పక్కన పెట్టారు. "నీకు పనేటి లేదు గదా, కాపలా కాయి" అన్నారు. విసుగుతో గోడకేసి తిరిగి పడుకునే మనిషి, రెండో రోజుకి పురుగులు తింటుంటే చప్పుడు వినపడుతోందని నన్ను పిలిచి వినమన్నాడు. మొదటి ఎర్రబస్సు గూడు చీల్చుకుని, రెక్కలు ఆరబెట్టుకుంటుంటే చూసింది అతనే. ప్రమాదమైన తరవాత అతను నవ్వింది ఆ రోజే. మా అమ్మ కూడా వచ్చి చూసి, "బాగానే ఉన్నాది గానీ" అని ఊరుకుంది. జిల్లేడు మొండిది, నెల తిరక్కుండా మోడు చుట్టూ చిగుళ్ళు వేసి అంతకు ముందుకన్నా గుబురుగా లేచింది. "ఇన్నాళ్ళూ నాకు తోచలేదు, అప్పుడప్పుడు కత్తిరించాలన్నమాట. మంచిపని సేసావే" అని బాబాయి వీధంతా వినేలా అన్నారు. నేను తల ఎత్తలేదు.

రథసప్తమి ముందు రోజు ఆయన్ని చూసి తీరాలి. ఏడు జిల్లేడాకులు తల మీదా భుజాల మీదా పెట్టుకుని స్నానం చేస్తాం కదా, వీధి వీధంతా ఆయన గేటు ముందే. కాదనేవారు కాదు. అలాగని ఎవర్నీ చెట్టు మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. ఒక్కో ఆకూ తిప్పి చూసి, ఏమీ లేకపోతే కోసి ఇచ్చేవారు. గుడ్డుంటే, "ఇది రిజర్వేసను" అని వదిలేసేవారు. పురుగుంటే, "దిగేవోళ్ళని దిగనియ్యండి, తర్వాత ఎక్కుదురు గాని" అని దాన్ని బుట్టలోకి దించేవారు. పాలు కళ్ళకి తగలకూడదని మనిషి మనిషికీ చెప్పేవారు.

"బేగి కానియ్యి మావా, పొద్దు పోతన్నాది" అని ఎవరో గోల పెడితే, "రేపు పొద్దున్న గదేటి ఆయనొచ్చేది? నీకేటి తొందర?" అన్నారు.

దేవుడికి కావలసిన ఆకుని పురుగుకి అట్టేపెడితే పాపం కాదా అని నేనే ఒకసారి ఆటపట్టించాను. "పురుగు పెరిగినాది ఎవరి ఎండలోనే?" అన్నారు.

అలాంటి మనిషి పోయిన రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఇంటి నిండా జనం. వసారాలో, ఎవరో చెప్పులు విడిచిన చోట, బెంచీ కింద మూడు బుట్టలు. ఆకులు వాడి ముడుచుకుపోయాయి. పురుగులు దోమతెర మీదికి ఎక్కి వెతుక్కుంటున్నాయి. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. పిన్ని పక్కన కూర్చుని ఏడ్చాను గానీ, ఎందుకు ఏడుస్తున్నానో ఆవిడకి చెప్పలేదు.

చావింట పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు అన్నం పంపుతాం. మర్నాడు నేను ఒక చేత్తో క్యారేజీ, ఒక చేత్తో జిల్లేడాకులు పట్టుకుని గడప ఎక్కాను. విజయనగరం నుంచి వచ్చిన బాబాయి అక్కగారు గుండెలు బాదుకున్నారు. "ఓలమ్మో! సావింట్లోకి జిల్లేడు తెచ్చినాదేటి ఈ గుంట!" నేను వసారాలో కూర్చుని బుట్టలు తుడిచి ఆకులు వేశాను. రోజూ అదే పని, రోజూ అవే తిట్లు. బతికుంటే ఆయన చెయ్యాల్సిన పని ఇది, ఎవరో ఒకరు చెయ్యాలి కదా. పిన్ని గోడకి ఆనుకుని కూర్చుని నన్ను చూసేది. మూడు బుట్టల్లో ఉన్న పదిహేడు పురుగుల్లో రెండు చనిపోయాయి. మిగతావి గూళ్ళు కట్టాయి.

పదో రోజున అక్కగారు తీర్పు చెప్పేశారు. ఆ చెట్టే తన తమ్ముణ్ణి తినేసిందని, పెద్దకర్మ లోగా పీకించెయ్యాలని. చుట్టాలబ్బాయి ఎవరో గునపం తెచ్చాడు. నేను గేటుకి అడ్డం వెళ్ళాను గానీ, ఏ హక్కుతో మాట్లాడను? ఒకప్పుడు కత్తి పట్టిందాన్ని నేనే. అప్పుడు లోపల నుంచి, పది రోజులుగా మాట లేని పిన్ని గొంతు వినిపించింది.

"ఆగరా! మీ తమ్ముణ్ణి తిన్నాది సెట్టు కాదు వదినా, సుట్ట! మానమని మానమని ముప్పై ఏళ్ళు మొత్తుకున్నాను. అప్పుడెవులూ గునపం తేలేదు."

గునపం గోడకి చేరింది.

పన్నెండో రోజు దాటాక చుట్టాలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళారు. గూళ్ళలోవి ఒక్కొక్కటీ బయటికొచ్చి ఎగిరిపోయాయి. బాబాయే చిలుకై వచ్చారని వీధిలో ఒకరిద్దరు అన్నారు. ఆయన వింటే నవ్వి, టిక్కెట్టు ఉందా అని అడిగేవారు. బుట్టలు ఖాళీ అయ్యాయి, మళ్ళీ నింపేవాళ్ళు లేరు. నేను ఎనిమిదిన్నరకల్లా ఇల్లు వదలాలి. పిన్నికి పురుగంటే గిట్టదు, పైగా మోకాళ్ళు అరిగిపోయి వంగలేదు. చెట్టునైతే దక్కించుకున్నాం, ఆయన పని మాత్రం ఆయనతోనే పోయిందని అనుకున్నాను. అది నన్ను చాలా బాధ పెట్టింది.

మొన్న శుక్రవారం పొద్దున్న మా గుమ్మం తీసేసరికి పిన్ని జిల్లేడు పక్కన నిలబడి ఉంది. నుదుటి మీద బొట్టు లేకుండా ఆవిడ ముఖం చూడడం నాకింకా అలవాటు కాలేదు. చేతిలో గుండ్రటి చిన్న అద్దం. ఇన్నేళ్ళూ గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉండేది, రోజూ అందులో చూసుకునే బొట్టు పెట్టుకునేది. వంగలేదు కాబట్టి దాన్ని ఆకు కింద పట్టి, నిటారుగా నిలబడి అందులోకి చూస్తోంది. ఒక ఆకు అయ్యాక ఇంకో ఆకు. నన్ను చూసి, మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపి రమ్మంది. వెళ్ళి ఆవిడ భుజం మీంచి చూశాను. అద్దం నిండా జిల్లేడాకు వెనక వైపు, బూడిద రాసినట్టుండే నూగు, ఆ నూగులో ఒక తెల్లటి చుక్క. అద్దం కదలకుండా పిన్ని రెండో చేత్తో తన మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉంది.