బ్యాగు మీది హీరోను చూడడానికి

వరంగల్ చౌరస్తా దగ్గర మాది స్కూలు బ్యాగుల దుకాణం. కోడలిగా వచ్చిన రెండో ఏటి నుంచి మా మామగారితో పాటు నేనూ అందులో కూర్చుంటున్నాను. మామగారికి సినిమాల మీద ఆసక్తి లేదు. అయినా ముసుగు వేసుకుని గాల్లో ఎగిరే ఒక ఇంగ్లీషు సినిమా హీరో బొమ్మ ఉన్న బ్యాగులను ఆయన ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నారు. ఆ హీరో పేరు నోరు తిరగక 'పసుపు ముసుగోడు' అనేవారు. మిగతా బొమ్మలు ఏడాదో రెండేళ్లో నడిచి ఆగిపోయేవి. ఇతను మాత్రం ప్రతి జూన్‌లోనూ మళ్లీ అడిగించుకునేవాడు.

పోయిన వేసవిలో ఆ హీరో సినిమాల వరసలో కొత్తది వచ్చింది. ముసుగు నలుపు, లోపలి నటుడు వేరు. బాగాలేదన్న మాట మొదటి రోజే ఊరంతా పాకింది. ఆ వారంలోనే హైదరాబాద్ ఏజెంటు నల్ల ముసుగు బ్యాగులు పట్టుకొచ్చాడు. సినిమా పోయాక బ్యాగులెవరు కొంటారని మామగారు అడిగారు. సినిమా ఆడేది నాలుగు వారాలే కానీ బ్యాగులు, టిఫిన్ డబ్బాలు, వాటర్ బాటిళ్ల మీద ఆ సినిమా తీసిన కంపెనీకి ఏటేటా వాటా వెళ్తుందని ఏజెంటు వివరించాడు.

"అంటే ఇరవయ్యేండ్ల సంది నేను ఆళ్ల సినిమాకు పనిజేస్తున్ననా?" అన్నారు మామగారు. ఏజెంటు నవ్వాడు. మామగారు నవ్వలేదు. ఆర్డరు సంగతి రెండు మూడు రోజులాగి చెప్తానని అతన్ని పంపించి, నా వైపు తిరిగారు.

"రేపు మ్యాట్నీకి పోదాం బిడ్డా. వీడెవడో జర సూడాలె."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. హాల్లో ముప్పావు వంతు కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలోనూ పిల్లలు తక్కువ, మీసాలున్నవాళ్లు ఎక్కువ. తెర మీద భవనాలు కూలుతుంటే మామగారు నా చెవి దగ్గర, ఇతని సంగతి వాళ్లమ్మకు తెలుసా, పెళ్లయిందా అని అడుగుతూనే ఉన్నారు. ఇంటర్వెల్‌లో లేచి, ముందు వరసలో కూతురితో వచ్చిన ఒకాయన పక్కన కూర్చున్నారు. సినిమా అయిపోయేదాకా తిరిగి రాలేదు.

బయటికొచ్చాక ఆటోలో చెప్పారు. ఆయనది నెక్కొండట, మోటార్ల రిపేరు పనట. మొదటి సినిమా బడిలో ఉన్నప్పుడు చూశాడట. చివరి మూడూ నచ్చలేదట.

"నచ్చకుంటే ఎందుకొస్తున్నవ్ అని అడిగిన. పానం బాగలేని సుట్టాన్ని సూడవోమా అన్నడు."

మరో రెండు రోజులు మామగారు దాని గురించే ఆలోచించారు. చివరికి నల్ల ముసుగువి డజను మాత్రమే చెప్పి, పాత పసుపు ముసుగువి ఎప్పటికన్నా ఎక్కువ తెప్పించారు. ఏజెంటుకు అది నచ్చలేదు.

బడులు తెరిచిన రెండో వారానికే పసుపువి అయిపోయాయి. నల్లవి దసరా దాకా కొక్కేలకు వేలాడాయి. నేను గమనించిందేమిటంటే, పసుపు బ్యాగు మీద ముందు చెయ్యి వేసేది తండ్రులు. ఒక పాప పిల్లి బొమ్మ బ్యాగే కావాలని పట్టుబడితే, వాళ్ల నాన్న ఆమెను చాలాసేపు బతిమాలాడు. చివరికి పిల్లి బ్యాగే కొన్నాడు.

అప్పటి నుంచి వచ్చిన ప్రతి తండ్రినీ మొదటి సినిమా ఎక్కడ చూశావని అడగడం మామగారికి అలవాటైంది. ఆ ముచ్చట్లలో పడి ఒకరిద్దరు వేరే కొనుగోలుదారులు వెళ్లిపోయారు కూడా.

"ఈ పిల్లలు పెద్దగయినంక గిట్లనే వస్తరంటవా?" అని ఒకసారి నన్నడిగారు.

మొన్న బేరాలు లేని మధ్యాహ్నం, మొదటి సినిమా తెలుగు డబ్బింగ్ ఫోన్లో దొరికితే గల్లా పెట్టె మీద నిలబెట్టి ఇద్దరం చూశాం. సగంలో ఒకావిడ గొడుగు కొనడానికి వచ్చింది. మామగారు ఆపమన్నారు. ఆమె వెళ్లగానే, కొంచెం వెనక్కి జరిపి మళ్లీ పెట్టమన్నారు.