రబ్బరు చెప్పులు, ఇనుప మంచం

నా బిడ్డను నేను ఎత్తుకోకూడదని మా అత్తమ్మ తీర్మానించింది చలికాలంలో ఒక పొద్దున. వరండాలో కుర్చీలోంచి లేచి, ఇనుప మంచం మీద కడ్డీ పట్టుకుని కూర్చున్న పాప వైపు చేయి చాచాను. నా వేలు ఇంకా దాని చెంపకు తగలలేదు, టప్‌మని చప్పుడైంది. పాప నా ముఖంలోకి ఒకసారి చూసి, ఆ తర్వాత ఏడ్చింది. ఏడుపు కంటే ఆ చూపే నాకు ఎక్కువ గుర్తుంది.

ఆ వారంలో అది నాలుగోసారి.

“ఆగు, ముట్టకు,” అంటూ అత్తమ్మ వచ్చి పాపను ఎత్తుకుంది. ఆమెకేమీ కాలేదు, పాపకూ ఏమీ కాలేదు. “చూసినవా? నేనెత్తుకుంటె ఏం గాలె. నీ ఒంట్లనే ఏందో ఉన్నది.”

“గది స్టాటిక్ కరెంటు అత్తమ్మా. చలికాలంల అందరికి అయితది.”

“అందరికైతె నాకెందుకు గాదు? నీ మొగనికెందుకు గాదు?”

పెళ్లికి ముందు కోరుట్ల నుంచి జగిత్యాలకు మూడేళ్లు బస్సులో వేలాడుతూ వెళ్లి ఫిజిక్సు చదివినదాన్ని. కూరలో ఉప్పెక్కువైనా, పాలు పొంగినా ఈ ఇంట్లో నన్ను “డిగ్రీ కోడలు” అంటారు. ఆ డిగ్రీ పనికిరావలసిన ఒక్క రోజున నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆమె మీద ఎంత కోపం వచ్చిందో నా మీద అంతే వచ్చింది.

మాది సిరిసిల్ల. ఇంటి వెనక షెడ్డులో ఎనిమిది సాంచాలున్నాయి. మరమగ్గాలను ఇక్కడ అట్లాగే అంటారు. వాటి మీద నేసేదంతా పాలిస్టర్. ఇంట్లో కుర్చీ మెత్తల గలేబులూ, కిటికీ తెరలూ, నా ఒంటి మీది చీరలూ శాలువలూ అన్నీ అదే గుడ్డ. గాలిలో తేమ లేని రోజుల్లో ఆ దారం దగ్గరికి చేయి పెడితే చాలు, మోచేతి మీది వెంట్రుకలు లేచి నిలబడతాయి. గుడ్డ మీద గుడ్డ రాసుకున్నప్పుడు ఒకదాని ఛార్జి ఇంకొకదాని మీదికి చేరుతుంది. పాలిస్టర్ బంధకం కాబట్టి తన వంతు తన మీదే అట్టిపెట్టుకుంటుంది. మనిషి ఒళ్లు అట్లా కాదు, వాహకం. దాని మీదికి వచ్చింది ఒళ్లంతా పరుచుకుని, బయటికి పోయే దారి కోసం చూస్తుంది. ఇంతవరకూ నాకు తెలుసు. దారి అత్తమ్మకు ఎట్లా దొరుకుతోంది, నాకెందుకు దొరకడం లేదన్నదే తెలియలేదు.

ఆ రోజు నుంచి పాప నా దగ్గరికి పాల కోసమే వచ్చేది. నేను చాప మీద కూర్చున్నాక అత్తమ్మ తెచ్చి ఒడిలో పడేసి, కాలుతున్న గిన్నె దించినట్టు చప్పున చేతులు వెనక్కి తీసుకునేది. పాలు తాగడం అయిపోగానే తీసుకుపోయేది. ఎనిమిది నెలల పిల్ల నా వైపు చేతులు చాస్తే, “వద్దు బిడ్డా, అమ్మ సురుక్కుమనిపిస్తది,” అని దానికి నేర్పేది. మా ఆయనతో చెప్పాను. “పది దినాలు అమ్మ చెప్పినట్టు ఉండరాదు? నీకేం పోతది?” అన్నాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

పది రోజులతో పోయేది కాదని బుధవారం తెలిసింది. అత్తమ్మ వంటింట్లో ఆయనతో అంటోంది, నాకు వినపడాలనే.

“శనివారం కొండగట్టు తీస్కపోదాం. ఓ నెల అంజన్న కాడ కూసుంటె అన్నీ ఎల్లిపోతయి. తోడుకు దాని తల్లిని రమ్మందాం.”

“మరి పాప?”

“పాప నా దగ్గరుంటది. డబ్బ పాలు తాగుతలేరా పిల్లలు?”

ఆయన వద్దనలేదు. గాలి సోకినవాళ్లను తెచ్చి కూర్చోబెట్టే ఆ ఆంజనేయుడి గుడికి వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. పిచ్చిదానిలాగా నెల రోజులు కొండ మీద కూర్చుని దిగి వచ్చేసరికి నా బిడ్డ సీసాకు అలవాటు పడి, నన్ను చూసి అత్తమ్మ కొంగు చాటున దాక్కుంటుంది. అదీ నా భయం. నాకు మూడే రోజులున్నాయి.

మరునాడు షెడ్డులోకి టీ తీసుకుపోయాను. అక్కడ దారం కండెలు చుట్టే ఆమె ఒకతె ఉంది. వయసులో అత్తమ్మ కంటే కొంచెం చిన్న, ఆమెను వదినా అని పిలుస్తుంది. రోజంతా ఆ పాలిస్టర్ దారంతోనే పని. గ్లాసు అందుకునే ముందు ఆమె పక్కనున్న ఇనుప కంబానికి అరచేయి ఆనించింది. ఆ తర్వాతే గ్లాసు పట్టుకుంది.

“కంబం ఎందుకు ముట్టుకున్నవ్?”

“లేకుంటె స్టీలు గిలాస సిటుక్కుమంటది బిడ్డా. కంబం భూమిల ఉంటది గదా, గుంజుకుంటది.” ఆమె నా కాళ్ల వైపు చూసి నవ్వింది. “అయినా నీ లెక్క చెప్పులేస్కోని సాంచాల కాడికి ఎవలన్న వస్తరా? వట్టి కాళ్లతోని ఉంటె సగం ఆడికాడనే పోతది.”

నేను కూడా నా కాళ్ల వైపు చూసుకున్నాను. మందపాటి రబ్బరు చెప్పులు.

అవి నేను కొనుక్కున్నవి కావు. బాలింత చల్లటి బండల మీద వట్టి కాళ్లు పెట్టకూడదని, పెడితే తల్లికొచ్చిన జలుబు పాలలో పిల్లకు దిగుతుందని, ఏడాది వెళ్లేదాకా ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదని అత్తమ్మే తెచ్చి తొడిగించింది. స్నానాల గదిలో తప్ప ఎనిమిది నెలలుగా నా పాదం నేలకు తగల్లేదు. అత్తమ్మది నూలు చీర, వట్టి కాళ్లు, పొద్దస్తమానం తడిలో పని. ఆమె మీదికి వచ్చిందంతా పాదాల్లోంచి నేలలోకి ఎప్పటికప్పుడు పోతోంది. నాది ఆ రబ్బరు దగ్గర ఆగిపోయి, వేలి కొస దాకా వచ్చి, భూమికి ఆని ఉన్న ఇనుప కడ్డీని పట్టుకున్న నా బిడ్డలోంచి దారి చూసుకుంటోంది. కాలేజీలో ఛార్జిని చూపించే బంగారు రేకుల సీసాలో, విచ్చుకున్న రేకులు వేలు తగలగానే వాలిపోవడం చూసి చప్పట్లు కొట్టినదాన్ని, నా చెప్పుల గురించి ఆలోచించలేదు.

చెప్పులు విడిచి, తడి బండల మీద నడిచి, మిగిలింది వేలికి చురుక్కుమనకుండా పోవాలని వరండా ఇనుప గ్రిల్లుకు తాళంచెవి ఆనించి, వెళ్లి పాపను ఎత్తుకున్నాను. ఏ చప్పుడూ లేదు. పాప నా మెడలో ముఖం పెట్టింది. అత్తమ్మ చూసింది.

“చెప్పులిడిసినవా? పిల్లకు జలుబు జెయ్యాలనా?”

“గీ చెప్పులతోనే అత్తమ్మా షాక్ కొట్టేది. రబ్బరు కరెంటును కిందికి పోనియ్యది.”

“అంటె నేను తెచ్చిన చెప్పులదా తప్పు? నీ ఒంట్ల దోషం నా నెత్తిన పెడ్తున్నవా?” పాపను నా మెడ నుంచి ఊడబెరికినట్టు లాక్కుంది. “తొడుగు ముందుగాల. శనివారం దాకా ఓపిక పట్టు.”

నేను తొడుక్కున్నాను. ఎందుకు తొడుక్కున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమెకు మాటలతో చెప్పడం మాత్రం ఆ రోజుతో మానేశాను.

శుక్రవారం మధ్యాహ్నం అత్తమ్మ మడమల పగుళ్లకు మలాం రాసుకుంది. దుమ్ము అంటకూడదని నా చెప్పులు కాళ్లకు తగిలించుకుంది. చలిగా ఉందని నా శాలువ కప్పుకుని, నా కుర్చీలో, పాలిస్టర్ గలేబు వేసిన మెత్త మీద కూర్చుని చిక్కుళ్లు తుంచింది. ముందుకు వంగినప్పుడల్లా, వెనక్కి వాలినప్పుడల్లా శాలువ మెత్తకు రాసుకుంటోంది. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. కండెలు చుట్టే ఆమె నీళ్ల కోసం వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. ఇనుప మంచం మీద పాప నిద్ర లేచి, కడ్డీ పట్టుకుని, అత్తమ్మ వైపు చూసి నవ్వింది.

అత్తమ్మ లేచింది. కుర్చీ నుంచి మంచానికి ఆరడుగులు. దారిలోనే గ్రిల్లు ఉంది. “అత్తమ్మా, గ్రిల్లు ముట్టుకో” అంటే సరిపోయేది. మాట నాలుక మీదే ఉంది. నేను అనలేదు.

టప్‌మంది. నేను ముట్టుకున్నప్పటి కంటే గట్టిగానే వినిపించింది. పాప అదిరిపడి, ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత కేకపెట్టింది. అత్తమ్మ తన వేలి వైపు చూసుకుంటూ ఉండిపోయింది.

కండెలు చుట్టే ఆమె పకపకా నవ్వింది. “ఏంది వదినా, గిప్పుడు నిన్ను గూడ తీస్కపోవాల్నా కొండగట్టు? ఇద్దరికి ఒకటే ఆటో మాట్లాడుండ్రి.”

అత్తమ్మ నవ్వలేదు. తన కాళ్ల వైపు చూసింది, గడపలో నా వట్టి కాళ్ల వైపు చూసింది, చివరికి నా ముఖం వైపు చూసింది.

“నీకెర్కనే గదా, గిట్లయితదని?”

“ఎర్కనే. నిన్ననే చెప్పిన గదా.”

“ఎర్కుండి... పిల్లకు తగలనిచ్చినవా?”

నేను గ్రిల్లు ముట్టుకుని, పాపను ఎత్తుకుని లోపలికి పోయాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

శనివారం ఎవరూ కొండగట్టు వెళ్లలేదు. పాప రాత్రిళ్లు నా పక్కనే పడుకుంటోంది. ఇప్పుడు కూడా ఇక్కడే ఉంది, పిడికిలి బిగించి. చెప్పులు మెట్ల పక్కన పడి ఉన్నాయి. వాటిని ఆమె తొడగమనదు, నేను తొడగను. ఇదివరకు ఆమె నా మీద వేసిన నింద ఉత్తది, కాబట్టి నాకు ఆమెను అసహ్యించుకోవడం సులువుగా ఉండేది. ఇప్పుడామె నన్ను పిలవదు, తిట్టదు. అన్నం గిన్నె నా ముందు పెట్టేటప్పుడు ఒకసారి చూస్తుంది, అంతే. ఆ చూపులో ఉన్న నింద ఉత్తది కాదు.

పాప మాత్రం ఒకటి నేర్చుకుంది. ఎవరి చేయి దగ్గరికి వచ్చినా కళ్లు గట్టిగా మూసుకుంటుంది. అత్తమ్మ చేయైనా, నా చేయైనా. అందుకే ఎత్తుకునే ముందు ఇద్దరమూ తాళంచెవి తీసి గ్రిల్లుకు టక్కున కొడతాం, ఒకరి వైపు ఒకరం చూసుకోకుండా. ఆ చప్పుడు వినబడితేనే అది కళ్లు తెరిచి చేతులు చాస్తుంది.